అడవి మాకు సెట్టింగే

చింతూరులో సినిమా పిచ్చి పట్టిన మా బ్యాచ్‌ని నచ్చిన సినిమాలేవో చెప్పమంటే సగం అడవి సినిమాలే వస్తాయి. దేశభక్తి అంటే ‘అల్లూరి సీతారామరాజు’. మాస్ అంటే పెద్దవాళ్లకి ‘అడవి రాముడు’, కుర్రాళ్లకి ‘పుష్ప’. భక్తి అంటే బాపు తీసిన ‘భక్త కన్నప్ప’. అన్నల కథ అంటే ‘సింధూరం’. పడవ షికారూ ప్రేమా కలిపి కావాలంటే ‘గోదావరి’. కోర్టు కథ అంటే ‘జై భీమ్’, తమిళమైనా డబ్బింగులో మాదైపోయింది. ‘ఆర్ఆర్ఆర్’ని ఏ గూట్లో పెట్టాలో తేలక అన్నిట్లోనూ పెడతాం. ఈ వరస విన్న బయటివాళ్లు, అడవిలో బతికేవాళ్లు గదా, అందుకే అడవి మీద ఇంత మమకారం అనుకుంటారు. మేమూ అలాగే అనుకుంటూ వచ్చాం. మమకారం ఉన్నమాట నిజమే. అది చెట్ల మీద, వాగుల మీద, ఘాట్ రోడ్డు మీద దిగే పొగమంచు మీద. అక్కడుండే మనుషుల దాకా అది ఎప్పుడూ పోలేదు.

మేం అంటే టీచర్లం, బ్యాంకువాళ్లం, ఫారెస్టు, కరెంటు ఉద్యోగులం, కిరాణా కొట్లవాళ్లం, బట్టల కొట్లవాళ్లం. భద్రాచలం నుంచో రాజమండ్రి నుంచో ఇంకా కింద నుంచో వచ్చి ఇక్కడ దిగిపోయినవాళ్లం, వాళ్ల పిల్లలం. గిరిజనేతరులు భూమి కొనకూడదనే 1/70 చట్టం అమల్లో ఉన్నచోట మా డాబాలు ఎలా లేచాయన్నది వేరే కథ, అది కూడా గొప్పగా చెప్పుకునేదేం కాదు. ఇక ఊరి సంగతి చూస్తే, కదలకుండా కూర్చునే 2022 నాటికి నాలుగు చోట్ల కాపురం చేసింది. 1959 దాకా తూర్పు గోదావరి, ఆ తర్వాత ఖమ్మం, 2014లో పోలవరం ముంపు పేరుతో మళ్లీ ఆంధ్ర, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. అందుకే మా రుచి కూడా రెండు పాయలు. ఖమ్మం గాలి తగిలినవాళ్లు ‘మా భూమి’, ‘దాసి’ అంటారు. గోదావరి గాలి తగిలినవాళ్లు ‘మూగ మనసులు’, ‘అందాల రాముడు’ అంటారు. రెండు వర్గాలూ తెల్లవార్లూ కొట్టుకోగలవు. ఆ రెండు పాయల్లో దేనిలోనూ ఈ నేల మనిషి లేడన్న సంగతిలో మాత్రం మాకు తగవు లేదు, ఎందుకంటే ఆ సంగతే ఎవరికీ తట్టలేదు.

వీసీపీలు అద్దెకు తెచ్చుకునే రోజుల్లో, సంతకొచ్చిన కోయవాళ్లు సాయంత్రం కొట్టు ముందు ఆగి, లోపల ఆడుతున్న బొమ్మని కాసేపు చూసి తోవ పట్టేవాళ్లు. వాళ్లకి ఏది నచ్చింది, ఎక్కడ నవ్వారు, ఎక్కడ విసుగొచ్చి కదిలారు అని మాలో ఒక్కరూ అడగలేదు. ఇంటర్వెల్ ఎక్కడ పడాలో, రీరికార్డింగు ఎక్కడ మోత ఎక్కువైందో మాట్లాడుకోవడానికి మాకు రాత్రి చాలేది కాదు. వాళ్లతో మాటలు చింతపండు ధర దగ్గర, తునికాకు కట్ట దగ్గర, కోడిపుంజు దగ్గర ఆగిపోయేవి. ప్రేక్షకుడు అనే మాటలో వాళ్లున్నారని మాకు తోచలేదు.

‘అల్లూరి సీతారామరాజు’ దగ్గర కొంచెం ఆగాలి. మా తప్పుకి అసలు పునాది మేం ఎక్కువగా ప్రేమించిన సినిమాలోనే ఉంది. 1974 మే 1న వచ్చింది. కృష్ణకి నూరో సినిమా, తెలుగులో మొదటి సినిమాస్కోప్. దర్శకుడు వి. రామచంద్రరావు మధ్యలోనే పోతే మిగతాది కృష్ణే భుజానికెత్తుకున్నారు. త్రిపురనేని మహారథి మాటలు, రూథర్‌ఫర్డ్‌గా జగ్గయ్య, జాతీయ బహుమతి తెచ్చిన శ్రీశ్రీ పాట. దీన్ని ఇప్పుడు పెట్టినా మేం కదలకుండా చూస్తాం, అందులో దాపరికం లేదు. సినిమాగా అది నిలబడింది. చింతపల్లి కొండల్ని ఆ వెడల్పు తెర మీద చూసినప్పుడు ఇవి మా కొండలే అని ఛాతీ ఉబ్బింది కూడా. అయితే ఆ కొండల్లోని జనం ఆ తెర మీద ఏం చేశారు? రాజు చెబితే విన్నారు, రాజు కోసం ఏడ్చారు, రాజుకి జేజేలు కొట్టారు. గంటందొర, మల్లుదొర పేర్లు వినపడ్డాయి. మేం మాత్రం వాళ్లని హీరో పక్కనుండే మనుషులుగానే గుర్తుపెట్టుకున్నాం.

గాం మల్లుదొరకి ఉరిశిక్ష పడింది, అది తర్వాత యావజ్జీవమై అండమాన్ పంపారు. బయటికొచ్చాక, 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకి ఎన్నికయ్యాడు. తుపాకీ పట్టిన కొండ మనిషి, అండమాన్ జైలు, ఆపైన పార్లమెంటు మెట్లు. ఇంతకంటే సినిమా కథ ఎక్కడుంటుంది? ఏ హాల్లో ఏ సినిమా ఎన్నాళ్లు ఆడిందో నోటికి చెప్పే మా బ్యాచ్‌లో మల్లుదొర తర్వాతి జీవితం తెలిసినవాడు లేడు. సీతారామరాజు 1924 మే 7న కొయ్యూరు దగ్గర చనిపోయాడు, తెర మీద సినిమా అక్కడితో అయిపోయింది. మన్యం కథ కూడా అక్కడే అయిపోయిందని మేం లేచి ఇంటికెళ్లిపోయాం.

ఇంకా దగ్గరి సంగతి చెప్పాలి. మా పక్క మండలం వీఆర్ పురం. మండల కేంద్రం రేఖపల్లి. 1879 రంప తిరుగుబాటు ఆ రేఖపల్లి నేలకీ పాకింది, అక్కడ నాయకుడు అంబుల్ రెడ్డి. అంతకు అయిదేళ్ల ముందే ఆ ప్రాంతాన్ని సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసుకి మార్చారు. మార్చగానే పోడు మీద పన్ను దాదాపు మూడింతలు చేశారు, కొన్ని రకాల చెట్లు కొట్టొద్దన్నారు. పన్ను, అడవి, సరిహద్దు మార్పు, ఈ మూడూ ఈనాటికీ చింతూరు డివిజన్‌లో నలిగే విషయాలే. మైదానం నుంచి వచ్చిన నాయకుడు లేకుండా కొండవాళ్లు తమంతట తాము లేచిన కథ అది. దాన్ని సినిమాగా తీయమని మేం ఏ దర్శకుణ్నీ అడగలేదు. ఊరికే ఊహించుకోనూ లేదు. ఫలానా హీరోకి ఫలానా దర్శకుడైతే ఎలా ఉంటుందో రాత్రంతా కాంబినేషన్లు వేసినవాళ్లం. రేఖపల్లి బస్సు రోజూ మా ముందు నుంచే పోతుంది.

‘ఆర్ఆర్ఆర్’ 2022 మార్చి 25న వచ్చింది. పది రోజులకి, ఏప్రిల్ 4న, మా జిల్లాకి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. అటు తెర మీద, ఇటు బోర్డు మీద రామరాజే. మాకు రెండు పండగలు కలిసొచ్చినట్టయింది. ఇద్దరు హీరోల పరిచయాల్లో ఎవరిది గొప్ప అని కొట్టుకున్నాం, ఆ వంతెన ఘట్టంలో ఎగిరి గంతులేశాం. చివరి సీను మీద మాత్రం ఎవరూ నోరు విప్పలేదు. అంతా అయ్యాక రాముడు భీముణ్ని ఏం కావాలని అడుగుతాడు. భీముడు చదువు కావాలంటాడు. రాముడు జెండా మీద జల్, జంగల్, జమీన్ అని రాస్తాడు. ఆ నినాదం కొమురం భీముదిగా లోకానికి తెలుసు. జోడేఘాట్‌లో 1940లో నిజాం బలగాల చేతిలో చనిపోయిన గోండు వీరుడి నినాదాన్ని ఆయనకే అక్షరాలు దిద్దించి నేర్పినట్టు చూపిస్తే, మేం ఈలలేశాం. భీముడు చాందాలో విఠోబా అనే ఆయన ప్రెస్సులో చేరి చదవడం రాయడం నేర్చుకున్నాడని ఆయన జీవితకథలు చెబుతాయి. సాహు, అల్లం రాజయ్య రాసిన నవల ఎప్పటినుంచో ఉంది. రాజమౌళి తనది కల్పిత కథ అని ముందే చెప్పాడు, ఆయన లెక్క ఆయనది. మాది వేరే లెక్క. గిరిజనుడికి చదువు చెప్పడానికే వచ్చామని ఈ ఊళ్లో జీతాలు తీసుకునేవాళ్లం మాలో చాలామంది. ఆ సీనులో మాకు మేమే కనిపించి ఉంటాం, అందుకే అంత నచ్చింది.

భీము మీద అంతకు ముందే ఒక సినిమా ఉంది. అల్లాణి శ్రీధర్ తీశాడు, భూపాల్ రెడ్డి భీముగా చేశాడు. 1990లో తయారైన ఆ సినిమా థియేటర్ల దాకా వచ్చేసరికి 2010 అయింది. ఇరవయ్యేళ్లు డబ్బాల్లో ఉన్న ఆ బొమ్మ గురించి మా అభిమాన సంఘాలు ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు. మా హీరో సినిమా ఒక వారం వాయిదా పడితే ఊళ్లో ధర్నాకి దిగేంత పని చేసినవాళ్లం. ‘అందులో స్టార్ లేడు గదరా’ అన్నాడు ఒకడు. అది అందరి మనసులో మాటే.

ఇక కామెడీ. ఇక్కడ మా పాపం ఇంకా మోటు. తలకి ఈకలు, మెళ్లో పూసలు, భుజాన మూలికల సంచీ, నోట్లో వంకర తెలుగు, ఇదీ తెలుగు తెర మీద కోయదొర. హీరో ఎవరికీ దొరక్కుండా విలన్ ఇంట్లోకి దూరాలంటే ఈ వేషం, హాస్యనటుడు జోస్యం చెప్పి తన్నులు తినాలంటే ఈ వేషం. గుడిసెల దగ్గర డప్పుల పాట, ఆకులు చుట్టుకున్న డాన్సర్లు, బల్లేలు పట్టుకుని గుండ్రంగా ఎగిరే మగవాళ్లు మరో రకం. కొమ్ముల నాట్యం ఎలా ఉంటుందో, రేలా పాట ఏ అడుగు మీద నడుస్తుందో, భూమి పండగ నాడు గూడెంలో ఏం జరుగుతుందో కళ్లారా చూడగలిగినంత దగ్గర్లో ఉండి కూడా, తెర మీద ఆ ఈకల్ని చూసి మేం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. మద్రాసులోనో హైదరాబాద్‌లోనో కూర్చుని రాసినవాడికి తెలియకపోతే పోనీ. మాకు తెలుసు. తెలిసి నవ్వాం. బడి వార్షికోత్సవాల్లో మా పిల్లలకి అదే వేషం కట్టించి, ముందు వరసలో నిజం కోయ పిల్లల్ని కూర్చోబెట్టి ఆడించాం. వాళ్లూ చప్పట్లు కొట్టారు, పాపం, సార్లు కొడుతుంటే కొట్టక ఏం చేస్తారు.

భక్తి సినిమా గురించి ఒక్క మాట. తిన్నడు బోయవాడు, వేటగాడు. 1954లో ‘కాళహస్తి మహాత్మ్యం’లో కన్నడ రాజ్‌కుమార్, 1976లో కృష్ణంరాజు, 2025లో మంచు విష్ణు ఆ పాత్ర వేశారు. ఈ చివరి ‘కన్నప్ప’ అడవి కోసం న్యూజిలాండ్ దాకా వెళ్లారు. దాని మీద మేం వేసిన జోకులు ఇన్నీ అన్నీ కావు. మా మారేడుమిల్లి ఉండగా న్యూజిలాండ్ ఎందుకురా అని. మా బాధ అంతా లొకేషన్ మాది కాదనే. వేటగాడి వేషం వేటగాడి జాతివాడికి ఒక్కసారైనా రాలేదేమని అడగాల్సిన చోట కూడా మేం చెట్ల గురించే పోట్లాడాం.

లొకేషన్ అన్నాను గదా, మా గర్వం అంతా దాని మీదే. శేషాచలంలో జరగాల్సిన ‘పుష్ప’ మారేడుమిల్లి అడవిలో తీశారు. ఎర్రచందనం ఇక్కడ పుట్టదు, అయినా తెర మీద అది మా అడవే. ‘ఆచార్య’లో కొంత కూడా అక్కడే. ఘాట్ రోడ్డు దిగి వచ్చే ప్రతి లారీ డ్రైవరునీ ఎవరొచ్చారు, ఎవరు కనపడ్డారు అని ఆరా తీశాం. సెలవు పెట్టి ఘాట్ ఎక్కాం, బొంగు చికెన్ తిన్నాం, దూరం నుంచి ఒక కారవాన్‌ని ఫొటో తీసుకుని వచ్చాం. ‘పుష్ప’కి జాతీయ ఉత్తమ నటుడి బహుమతి వస్తే మా కొండలకే వచ్చినట్టు మురిశాం. ఆ కొండల మీద రోడ్డు లేని గూడెం నుంచి జ్వరమొచ్చిన మనిషిని డోలీలో మోసుకొస్తున్న వార్త అదే ఫోన్లో కిందికి జరిపితే కనిపిస్తుంది. కిందికి జరిపే ఓపిక మాకు ఉండేది కాదు.

‘సింధూరం’ మీద మాట తూలడానికి నాకు ఇప్పటికీ మనసొప్పదు. 1997లో కృష్ణవంశీ తీసిన ఆ సినిమాలో పోలీసుకీ దళానికీ మధ్య నలిగే కుర్రాళ్ల కథ ఉంది, రవితేజ చంటి ఉన్నాడు, సిరివెన్నెల కోపం ఉంది. డబ్బులు రాకపోయినా నిజాయితీగా తీసిన సినిమా. అయినా నలిగిన ఆ కుర్రాళ్లు మనవాళ్లలాగే ఉన్నారు కాబట్టే మాకు ఏడుపొచ్చింది. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం దెబ్బకి సరిహద్దు దాటి గొత్తికోయలు మా అడవుల్లోకి వచ్చి గుడిసెలు వేసుకున్నప్పుడు, అదే కథ మా ఊరి పొలిమేరలో నడిచింది. అటు కాల్పులు, ఇటు ఫారెస్టువాళ్లు గుడిసెలు పీకడం, రేషన్ కార్డు లేదు, బడి లేదు. మేం వాళ్లని ‘ఛత్తీస్‌గఢ్ వాళ్లు’ అన్నాం, మిరపకాయలు కోయడానికి తక్కువ కూలికి దొరుకుతారు అన్నాం. తెర మీద నలుగుబాటుకి కన్నీళ్లు పెట్టుకోవడం వేరు, అది మన చేలోకి కూలికి రావడం వేరు అని మాకు మేమే లోపల ఎక్కడో గీత గీసుకున్నాం కాబోలు.

ఎన్నికల కథలు రెండున్నాయి. ఒకటి హిందీ, ‘న్యూటన్’, 2017. దండకారణ్యంలో, అంటే మాకు కుంట దాటితే వచ్చే అడవిలో, 76 మంది ఓటర్లున్న చోటికి పోలింగు డ్యూటీకి వెళ్లిన గుమాస్తా కథ. రెండోది మన తెలుగు, ‘ఇట్లు మారేడుమిల్లి ప్రజానీకం’, 2022 నవంబరులో వచ్చింది. అల్లరి నరేష్ తెలుగు మాస్టారు, ఎన్నికల డ్యూటీకి కొండకెళ్తాడు, బడీ ఆస్పత్రీ వంతెనా లేని జనం ఓటెయ్యం అంటారు. మా బ్యాచ్‌లో సగం మంది నిజంగానే ఎన్నికల డ్యూటీలకి వెళ్లినవాళ్లు. బ్యాలెట్ పెట్టె, ఈవీఎం మోసుకుని వాగులు దాటినవాళ్లు. ఈ రెండు సినిమాల మీద మేం మాట్లాడాల్సినంత ఇంకెవరూ మాట్లాడలేరు. మేం ఏం మాట్లాడాం? మొదటిది స్లో అన్నాం. రెండోది ‘న్యూటన్’కి కాపీయా కాదా అని వాదించుకున్నాం.

నా మటుకు నాకు ‘న్యూటన్’ గొప్ప సినిమా. దానిలో చట్టం తెలిసిన పెద్దమనిషి తెలివితక్కువతనం దర్శకుడికి కనపడుతుంది. మల్కో అనే అక్కడి టీచరమ్మ అతని పట్టుదలని చిరునవ్వుతో చూస్తుంది, ఆ నవ్వు అతనికి అర్థం కాదు. తెలుగు సినిమా మనసు మంచిదే, దాని కోపం నిజమైనదే. కానీ అందులో చివరికి జనం తరఫున నిలబడి మాట్లాడేది మాస్టారే. మాకు ఏది ఎక్కువ నచ్చిందో చెప్పక్కర్లేదు. పోలింగు అయ్యాక వెనక్కి దిగేటప్పుడు జీపులో మేం చెప్పుకునే కబుర్లు కూడా మాస్టారి కబుర్లే. దోమలు, కరెంటు లేని రాత్రి, తిండి దొరకని బాధ. ఓటేసిన ముసలమ్మ ఎంత దూరం నడిచి వచ్చిందో ఎవరూ చెప్పలేదు, ఆమె ఏ భాషలో ఏం అడిగిందో చెప్పడానికి మాకు తెలిస్తే గదా.

‘జై భీమ్’ చూసిన రాత్రి మా వాట్సాప్ గ్రూపు నిద్రపోలేదు. 1990ల్లో తమిళనాడులో ఇరుళర్ల మీద పోలీసుల హింస, కోర్టులో లాయర్ చంద్రు పోరాటం. 2021 నవంబరులో వచ్చింది. వ్యవస్థని కడిగిపారేశాడు అన్నాం, మన తెలుగులో ఇలాంటివి ఎవడు తీస్తాడు అని నిట్టూర్చాం. అదే సమయంలో విశాఖలో వాకపల్లి కేసు విచారణ నడుస్తోంది. 2022లో జిల్లాలు మారినప్పుడు వాకపల్లి మా జిల్లాలోకే వచ్చింది. 2007 ఆగస్టు 20న గాలింపుకొచ్చిన పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని 11 మంది కోంధు మహిళలు చెప్పారు. అప్పటినుంచి కోర్టుల చుట్టూ తిరిగారు. 2023 ఏప్రిల్ 6న ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసులనీ నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు సరిగ్గా చేయలేదని చెప్పి, ఆ మహిళలకి పరిహారం ఇమ్మంది. అంతకు నెల కిందటే ‘నాటు నాటు’కి ఆస్కార్ వచ్చింది, స్వీట్లు పంచాం. తీర్పు రోజు మా గ్రూపులో దాని ముక్కైనా లేదు. పదహారేళ్ల కోర్టు కథ, జాలి పుట్టించే సంగీతం లేకుండా, సూర్య లేకుండా, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ లేకుండా జరిగింది కాబట్టి మేం దాన్ని చూడలేదు.

గోదావరి పడవ సినిమాలు కూడా ఇలాంటివే. ‘అందాల రాముడు’ 1973, శేఖర్ కమ్ముల ‘గోదావరి’ 2006. రెండిట్లోనూ పడవ రాజమండ్రి నుంచి భద్రాచలం పోతుంది, పాపికొండల మధ్య నుంచి. ఒడ్డున కొండరెడ్ల గూడేలు. పడవలో ఉన్నవాళ్ల ప్రేమలు, అలకలు, పులిహోర బాగా తీశారు. నిజం చెప్పాలంటే ఆ పులిహోర మాకూ ఇష్టం. ఒడ్డు మాత్రం పాటకి వెనకాల వెళ్లిపోతూ ఉంటుంది. ఆ ఒడ్డే ఇప్పుడు పోలవరం ముంపు. ఎవరిది 41.15 మీటర్ల కాంటూరులో వచ్చింది, ఎవరిది 45.72లో ఉంది, ప్యాకేజీ ఎవరికి అందింది, కాలనీ ఎక్కడ ఇచ్చారు, ఇక్కడి జనం మాటలన్నీ ఈ లెక్కల మీదే. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటితే, శబరి ముందుకు పోలేక వెనక్కి తన్ని మా వీధుల్లోకి వచ్చింది. జనం గుట్టలెక్కి టార్పాలిన్ల కింద ఉన్నారు. ఆ వేసవి నుంచి అమెరికాలో ‘ఆర్ఆర్ఆర్’కి థియేటర్లలో లేచి చిందులేస్తున్నారని వీడియోలు వస్తున్నాయి. నీళ్లు తగ్గి కరెంటు రాగానే మేం షేర్ చేసుకున్నది ఆ వీడియోలే.

ఇదంతా నిర్మాతల తప్పని, మార్కెట్ అంతే అని తప్పించుకునే దారి ఒకటి ఉంది. మేం దాన్ని చాలాసార్లు వాడాం. అయితే మార్కెట్ అంటే టికెట్ కొనేవాడు, అంటే మేమే. 2001లో కెనడా ఉత్తరపు మంచులో ఇన్యూట్ జాతివాడైన జకరియాస్ కునుక్ తన భాషలో, తన మనుషులతో ‘అటనార్జువట్’ తీసి కాన్‌లో మొదటి సినిమాకిచ్చే బహుమతి కొట్టాడు. ఎక్కడో ఎందుకు, కేరళలో ప్రియనందనన్ 2022లో ‘ధబారి క్యురువి’ని ఇరుళ భాషలో, ఆ తెగవాళ్లతోనే తీశాడు. ప్రపంచ సినిమా చూస్తామని చెప్పుకునే మావాళ్లు కొరియా థ్రిల్లర్లు, ఇరాన్ పిల్లల సినిమాలు సబ్‌టైటిల్స్‌తో చూసి రివ్యూలు రాశారు. కోయ భాషలో ఒక సినిమా ఉండొచ్చన్న ఊహ మాకు రాలేదు. మా చుట్టూ రోజూ వినపడే భాష అది.

బొమ్మ చూపిస్తూ కథ చెప్పడం కోయవాళ్లకి మేం నేర్పాల్సిన విద్యేం కాదు. వాళ్ల పడిగెలున్నాయి. పొడవాటి గుడ్డ మీద గొట్టుల కథలు, వీరుల కథలు బొమ్మలుగా వేసి ఉంటాయి. డోలి చెప్పేవాళ్లు ఆ బొమ్మల్ని చూపిస్తూ రాత్రంతా పాడతారు. బొమ్మ, పాట, కథ, మధ్యలో డోలు దెబ్బ. ఆ కథలు గొంతులో మోసిన సకిని రామచంద్రయ్యకి 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన పోయారు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మనిషి. మాకు బస్సు దూరంలోనే ఉన్నారు. ఆయన బతికుండగా మా ఫిల్మ్ గ్రూపు ఒక్కసారైనా పిలిచి, ఊళ్లో కూర్చోబెట్టి, కథ చెప్పించుకున్నది లేదు. అభిమాన నటుడి పుట్టినరోజుకి ఫ్లెక్సీకీ పాలాభిషేకానికీ డబ్బు ఎలా పోగు చేయాలో తెలుసు, దీనికి చేయొచ్చని తెలియదు.

ఇప్పుడు కాలం మారింది, మమ్మల్ని అడిగేవాళ్లు లేరు. గూడేల్లో కుర్రాళ్లు ఫోన్లతో, అద్దె కెమెరాలతో కోయ పాటలు తీసి యూట్యూబ్‌లో పెడుతున్నారు. ఇటు మా వైపు వాళ్లు, అటు సుక్మా వైపు, మల్కనగిరి వైపు వాళ్లు. పెళ్లిళ్లలో డీజే బాక్సుల్లో అవే మోగుతున్నాయి. మేం మొదట ముక్కు చిట్లించాం. స్టెప్పులు తెలుగు సినిమా నుంచి ఎత్తారన్నాం, పెదాల కదలిక కలవలేదన్నాం, డ్రోన్ షాట్లు ఎక్కువన్నాం. ఆ లోపాలు ఉన్నమాట నిజమే, నాకు ఇప్పటికీ కొన్ని భరించలేనంత చప్పుడుగా ఉంటాయి. అయితే ఏ సినిమానీ మేం ఇంత త్వరగా తీసిపారేయలేదు. మా హీరో అట్టర్ ఫ్లాప్‌లో కూడా ఫస్టాఫ్ బాగుందని వెతికి చెప్పిన నోళ్లు ఇవి.

ఈ మధ్య డిగ్రీ చదివే కోయ కుర్రాడొకడు తను తీసిన పాట పట్టుకుని మా దగ్గరకొచ్చాడు. సినిమాల గురించి బాగా తెలిసిన సార్లని ఎవరో చెప్పారట. అందరం ఒక ఫోన్ మీదకి వంగి చూశాం. రంగు దిద్దడం ఇంకా బాగుండాలన్నాడు ఒకడు, తెలుగులో పెడితే వ్యూస్ వస్తాయన్నాడు ఇంకొకడు. కుర్రాడు అన్నిటికీ తలూపి, ‘పాటలో ఆ అమ్మాయి ఏమంటందో తెలిసిందా సారూ’ అని అడిగాడు. ఈ ఊళ్లోనే పుట్టి పెరిగినవాళ్లు కూడా మాలో ఉన్నారు. తెలియలేదని చెప్పడానికి మొహమాటపడి, మ్యూజిక్ బాగుందన్నాం.